ఎడమచేతి చూపుడువేలు

నిన్న తెల్లారకముందే
భోలక్‌పూర్ బడిలో యాభై దొంగ ఓట్లు వేశాం.

దొంగవంటే ఉత్తుత్తివి.
ముగ్గురు ఏజెంట్లు కళ్లార్పకుండా చూస్తుంటే
మీటలు నొక్కి, లెక్క సరిచూసి, అంతా చెరిపేసి
"చూడండి, సున్నా" అన్నాడు ప్రిసైడింగ్ ఆఫీసరు.
సున్నాను చూసి ముగ్గురూ సంతకాలు పెట్టారు.
ఇరవై రెండేళ్లుగా ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను,
సున్నాకు ఇంత మర్యాద ఎక్కడా చూడలేదు.

నా పని సిరా.
గోరు కొస నుంచి మొదటి కణుపు దాకా ఒక గీత.
పక్కన సుదర్శనం సారు పేర్లు చదువుతాడు, గట్టిగా.
గట్టిగా చదవాలన్నది నియమం.
"నాలుగు వందల పన్నెండు, గైని ఎల్లవ్వ!"
ఉలిక్కిపడింది ఎల్లవ్వ.
"గాంధీ దవఖానల తప్ప
నా పేరు ఇంత జోరుగ ఎవ్వలు పిల్వలె సారూ"
అంటూ వేలు చాపింది.

తోళ్లు నానే సున్నపునీళ్లకు గోరు మెత్తబడ్డ వేలు,
మొన్నటి పెళ్లి గోరింటాకు వేలు,
గ్రీజు వేలు. తుడవకపోతే సిరా అంటదు,
నా కొంగు చివర చూడండి కావాలంటే.

పన్నెండు దాటాక
వరండాలో ఒక కుక్క, ఒక కానిస్టేబులు.
వెనక అపార్ట్‌మెంటు బాల్కనీల్లో
ఏసీల నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.
జాబితాలో వాళ్ల పేజీలు గీత పడకుండా తెల్లగా ఉన్నాయి.
అటు మొన్న రాత్రి ఈ గల్లీలో కవర్లు తిరిగాయని
నాకూ తెలుసు. అందరికీ తెలుసు.
ఫ్యాను తిరిగిందే తిరుగుతోంది.
ఎందుకొచ్చిన డ్యూటీ అనుకున్నాను.

అప్పుడు వచ్చాడు మహమ్మద్ బందగి.
పొడుగు చేతుల చొక్కా,
చేతులు రెండూ మోచేతి దగ్గరే ఆగిపోయాయి.
పోయినసారి ఎన్నికలకు
ఎవరిదో నిలువెత్తు ఫ్లెక్సీ కడుతుంటే
ఇనుప చట్రం కరెంటు తీగకు తగిలిందట.
ఎవరిదని అడగలేదు నేను.
ఏజెంట్లలో ఒకతను తలొంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

సిరా పుల్ల నా చేతిలో గాల్లోనే ఆగింది.
శిక్షణ రోజు కునుకుపాట్ల మధ్య విన్న వాక్యం
అప్పుడు గుర్తొచ్చింది.
ఎడమ చూపుడువేలు లేకపోతే పక్క వేలు,
ఆ చేతికి వేళ్లే లేకపోతే కుడిచేతి వేలు,
రెండు చేతులకూ లేకపోతే
చేయి ఉన్నంత మేరకు, దాని కొసన.

ఉన్నంత మేరకు.

ఎప్పుడో, ఏ దుమ్ము ఫైళ్ల గదిలోనో
ఎవరో ఒక గుమాస్తా కలం ఆపి ఆలోచించి ఉంటాడు,
అసలు చేతులే లేనివాడు వస్తేనో? అని.
రానక్కర్లేదు అని రాయలేదు.
ఈ బందగి పుట్టకముందే
వరుసలో ఇతనికి చోటు పెట్టి పోయాడు.

చొక్కా చేయి మడిచింది మేనకోడలు నిఖత్.
కొసన గీత గీశాను.
ఆయన పకపకా నవ్వాడు.
"గుద్‌గుదీ హో రీ మేడమ్!"
చక్కిలిగింతట.
గదంతా నవ్వింది, తలొంచుకున్న ఏజెంటు కూడా.

మామ చెప్పిన మీట నొక్కింది నిఖత్.
దానికి కుడివేలు మీద సిరా.
తన మొదటి ఓటుకు ఎడమవేలు మీద.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి
రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి చూసుకుంది.

ఆరింటికి గేటు మూశాం.
లోపల మిగిలినవాళ్లకు చీటీలు
ఆఖరివాడి నుంచి మొదలుపెట్టి ఇచ్చాం.
కొవ్వొత్తికి లక్క కరిగించి, సీళ్లు వేసి,
బస్సెక్కి, పెట్టెలు అప్పజెప్పేసరికి
రాత్రి ఒకటిన్నర.
పదకొండు వందల ఎనభై ఏడుకు ఆరు వందల మూడు.
సగం కంటే పది ఓట్లు కూడా ఎక్కువ కాదు.
లెక్కల టీచర్ని, ఇంకోలా చెప్పలేను.

ఈ పొద్దున బియ్యం కడుగుతుంటే
నా పది వేళ్లూ నల్లగా కనిపించాయి.
సబ్బుకు పోలేదు, నిమ్మచెక్కకూ పోలేదు.
ఎండ తగిలేకొద్దీ ముదురుతుందట ఈ రంగు.
పోనీలెమ్మని
బట్టలారేసే వంకతో మేడ మీదికెళ్లి
కాసేపు ఎండలో పెట్టాను చేతులు.